ఆలస్యంగా అందిన మూడు ఉత్తర్వులు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. "డి.ఎ. గురించి, పే ఫిక్సేషన్ గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు, మీరు చరిత్ర చదువుతారు కదా, ఏదైనా చరిత్ర వ్రాయండి" అన్నారు. సరేనన్నాను. తీరా వ్రాయడానికి కూర్చుంటే తెలిసింది, సప్త సముద్రాలు దాటి వెళ్ళినా సర్వీసు రిజిస్టరు నన్ను వదలదని. ముప్పై అయిదేళ్ళు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలో గడిపినవాడికి ఏ రాజు కథ చదివినా, "ఈయన ప్రమోషన్ ఎప్పుడు వచ్చింది, ఈయన మీద రిమార్కు ఎవరు వ్రాశారు" అనే తోస్తుంది. చదువరులు మన్నించాలి.

కొంతకాలం క్రితం మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండడానికి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం వెళ్ళాను. పగలంతా అమ్మాయి, అల్లుడు ఆఫీసుల్లో, మనుమలు బడిలో. ఇంట్లో నేనూ, గడియారం. నడిచివెళ్ళేంత దూరంలో పబ్లిక్ లైబ్రరీ ఉండబట్టి బతికాను. ఆ చుట్టుపక్కలే లెవెన్‌వర్త్ కోట అని పాత సైనిక స్థావరం ఒకటి ఉంది. దాని చరిత్ర చదువుతుంటే 10వ అశ్విక దళం అనే రెజిమెంటు కథ కంటబడింది. మిగిలిన నెలలన్నీ ఆ పుస్తకాలతోనే గడిచాయి.

అమెరికా గుర్రపు సైన్యం మన తరానికి తెలిసింది సినిమాల వల్లనే. "మెకన్నాస్ గోల్డ్" చూడనివారు మనలో తక్కువ. 1971లో కృష్ణగారి "మోసగాళ్ళకు మోసగాడు" వచ్చాక మన ఊళ్ళ కుర్రాళ్ళు కూడా టోపీలు పెట్టుకు తిరిగారు. ఆ ఇంగ్లీషు సినిమాల్లో నీలం చొక్కా తొడుక్కుని, బాకా ఊదుకుంటూ వచ్చే రౌతులందరూ తెల్లవారే. అసలు చరిత్ర అలా లేదు. ఆ ఎడారుల్లో పాతికేళ్ళు గుర్రాల మీద తిరిగిన దళాలలో రెండు రెజిమెంట్ల సిపాయిలు పూర్తిగా నల్లజాతివారు. అందులో ఒకటి ఈ 10వ దళం. దాని అధికారులలో ముగ్గురి గురించి, వారికి ఆలస్యంగా అందిన మూడు ఉత్తర్వుల గురించి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెజిమెంటు పుట్టుక

అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం 1861 నుంచి 1865 వరకు జరిగింది. బానిసత్వం రద్దయింది. 1866 జులై 28న అమెరికా పార్లమెంటు సైన్యాన్ని పునర్వ్యవస్థీకరిస్తూ చట్టం చేసింది. అంతకుముందు ఆరు అశ్విక దళాలు ఉండేవి. కొత్తగా నాలుగు వచ్చాయి: 7, 8, 9, 10. వీటిలో 9, 10 దళాలు నల్లజాతి సిపాయిలతో ఏర్పాటు చేయాలని, అధికారులు మాత్రం తెల్లవారు ఉండాలని నిర్ణయించారు. సిపాయి జీతం నెలకు 13 డాలర్లు. అయిదేళ్ళ ఒప్పందం. నిన్నటి దాకా బానిస అయినవాడికి నెల జీతం, తల మీద కప్పు, ఒంటి మీద ప్రభుత్వ దుస్తులు. మన పల్లెల్లో మొదటిసారి సర్కారీ ఉద్యోగం దొరికినవాడి సంతోషం తెలిసినవారికి ఇది అర్థమవుతుంది.

అదే చట్టం ఈ రెజిమెంట్లకు ఒక్కొక్క మతబోధకుడిని ఇచ్చి, సిపాయిలకు చదువు చెప్పే బాధ్యత అతనికే అప్పగించింది. ఎందుకంటే దక్షిణాదిలో బానిసలకు అక్షరాలు నేర్పడం అంతకుముందు చాలాచోట్ల చట్టరీత్యా నేరం. మొదట్లో మస్టరు రోల్సు, రేషను లెక్కలు, గుర్రాల జాబితాలు వ్రాయగలిగిన హవల్దార్లు లేక ఆ పనంతా అధికారులే చేసుకునేవారు. కాలక్రమేణా ఆ సిపాయిలలోంచే గుమాస్తాలు తయారయ్యారు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం యుద్ధ వర్ణనలు చదివినప్పుడు కూడా కలగలేదు.

ఈ సిపాయిలను మైదాన ప్రాంతపు ఆదివాసులు "బఫెలో సోల్జర్లు" అన్నారని చెబుతారు. బఫెలో అంటే అక్కడి అడవి దున్న. పేరు ఎందుకు వచ్చిందన్న దానికి రకరకాల వివరణలు ఉన్నాయి గాని, పేరు మాత్రం స్థిరపడింది. తెల్ల రెజిమెంట్లలో సైన్యం వదిలి పారిపోయేవారు విపరీతంగా ఉన్న ఆ రోజుల్లో ఈ రెండు దళాలలో అలాంటివారు చాలా తక్కువ.

ఒక మాట దాచకూడదు. బానిసత్వం నుంచి బయటపడిన ఈ మనుషులను ప్రభుత్వం పంపింది ఆదివాసుల భూములను స్వాధీనం చేసుకోవడానికి. ఒక అన్యాయానికి గురైనవారిని మరొక అన్యాయానికి పనిముట్టు చేశారు. అది వారి తప్పు కాకపోయినా చరిత్రలో ఉన్న సంగతి.

మొదటి ఉత్తర్వు: కర్నల్ గ్రియర్‌సన్

10వ దళానికి మొదటి కర్నల్ బెంజమిన్ గ్రియర్‌సన్. ఆయన వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల ముఖం చూసినవాడు కాదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో సంగీతం మాస్టారు, బ్యాండు నడిపేవాడు. తరువాత దుకాణం పెట్టి దివాలా తీశాడు. చిన్నప్పుడు గుర్రం ముఖం మీద తన్నడం వల్ల ఆయనకు గుర్రాలంటే ఇష్టం ఉండేది కాదు. అలాంటివాడిని అంతర్యుద్ధంలో అశ్విక దళంలో వేశారు. పోస్టింగులు వేసేవారు ఏ దేశంలోనైనా ఒక్కటే!

అయితే ఆ సంగీతం మాస్టారే 1863 ఏప్రిల్ 17న 1,700 మంది రౌతులతో టెనెసీ రాష్ట్రంలోని లాగ్రాంజ్ నుంచి బయలుదేరి, శత్రు రాష్ట్రమైన మిసిసిపీని నిలువునా చీల్చుకుంటూ, రైలు పట్టాలు, తంతి తీగలు ధ్వంసం చేస్తూ, 16 రోజుల్లో సుమారు 600 మైళ్ళు నడిచి మే 2న లూసియానాలోని బేటన్ రూజ్ చేరాడు. శత్రువులు ఈయన వెంట పరుగులు తీస్తుండగా అవతల జనరల్ గ్రాంట్ తన సైన్యాన్ని మిసిసిపీ నది దాటించాడు. యుద్ధం ముగిసేసరికి గ్రియర్‌సన్ వలంటీరు సైన్యంలో మేజర్ జనరల్ అయ్యాడు.

శాంతికాలపు సైన్యంలో ఆయనకు దక్కింది కర్నల్ పదవి, 10వ దళం. లెవెన్‌వర్త్‌లో దళాన్ని తయారుచేయబోతే అక్కడి స్థావరాధిపతి వీరికి నీరు నిలిచే పల్లపు నేలలో గుడారాలు కేటాయించాడు. కవాతులో తెల్ల దళాలకు ఎడంగా నిలబడమన్నాడు. గ్రియర్‌సన్ ఎదురు తిరిగాడు, కాగితాల మీద పోట్లాడాడు, చివరకు 1867 ఆగస్టులో తన దళాన్ని అక్కడినుంచి రైలీ కోటకు తరలించుకుపోయాడు. ఆయన తన కంపెనీ అధికారులకు ఇచ్చిన ఆదేశం ఒకటి నాకు బాగా నచ్చింది. ఏ రిపోర్టులోనూ, ఏ రిజిస్టరులోనూ దళం పేరు ముందు "నల్ల" అనే అర్థమిచ్చే మాట చేర్చవద్దని, కేవలం "10వ అశ్విక దళం" అనే వ్రాయాలని ఆదేశించాడు. ఫారంలో ఒక గడి తీసివేయడం వల్ల మనిషికి ఎంత గౌరవం దక్కుతుందో ఆఫీసులో పని చేసినవారికే తెలుస్తుంది.

గ్రియర్‌సన్ 22 ఏళ్ళు ఆ దళానికి అధిపతిగా ఉన్నాడు. ఓక్లహోమాలో సిల్ కోట కట్టించాడు. టెక్సాస్‌లోని కాంచో కోటలో ఉండగా 1878లో ఆయన కూతురు ఎడిత్ 13 ఏళ్ళ వయసులో టైఫాయిడ్‌తో పోయింది. రెండేళ్ళ తరువాత, 1880లో, విక్టోరియో అనే అపాచీ నాయకుడు మెక్సికో సరిహద్దు దాటి వచ్చినప్పుడు ఆయన చేసిన పని చూడండి. ఎడారిలో శత్రువును తరమడం మాని, ఉన్న కొద్దిపాటి నీటి బుగ్గల దగ్గర సిపాయిలను కాపలా పెట్టాడు. జులై 30న తినాహా దె లాస్ పాల్మాస్ అనే బుగ్గ వద్ద కొద్దిమందితో తానే కాచి నిలబడ్డాడు. సెలవులకు వచ్చిన కొడుకు కూడా ఆయన పక్కనే ఉన్నాడు. నీరు దొరకక విక్టోరియో వెనుదిరిగాడు. ఆ అక్టోబరులో మెక్సికో సైనికుల చేతిలో మరణించాడు. సినిమా తీయడానికి పనికివచ్చే యుద్ధం కాదు ఇది. 

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. అదే 1866 చట్టంతో పుట్టిన 7వ అశ్విక దళం అనగానే అందరూ చెప్పే పేరు కస్టర్. నిజానికి ఆయన ఆ రెజిమెంటుకు ఎన్నడూ కర్నల్ కాలేదు. లెఫ్టినెంట్ కర్నల్‌గానే ఉండిపోయాడు. కాగితాల మీద కర్నల్ వేరొకరు. 1876 జూన్ 25న లిటిల్ బిగ్ హార్న్ నది ఒడ్డున దళాన్ని ముక్కలు చేసి, తనవద్ద ఉన్న అయిదు కంపెనీలతో సహా నశించాడు. ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. నీటి బుగ్గలు కాచి సిపాయిలను ప్రాణాలతో ఇంటికి చేర్చిన గ్రియర్‌సన్ పేరు మనలో ఎవరైనా విన్నామా?

వెస్ట్ పాయింట్ చదువు లేదని, ఆదివాసుల పట్ల మెత్తగా ఉంటాడని పైవారిలో చిన్నచూపు. ఒకరి తరువాత ఒకరు వెనకవారు ముందుకు వెళ్ళారు. చివరకు 1890 ఏప్రిల్ 5న ఆయనను బ్రిగేడియర్ జనరల్‌ను చేశారు. 64 ఏళ్ళు నిండి జులై 8న రిటైరయ్యాడు. దాదాపు 24 ఏళ్ళు కర్నల్, మూడు నెలల మూడు రోజులు జనరల్! రిటైరయ్యే ముందు ప్రమోషన్ అందుకుని, కొత్త కుర్చీ వేడెక్కకముందే పూలదండ వేయించుకున్న సోదరులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. వారికి ఈ అమెరికా కర్నల్ దూరపు చుట్టం.

రెండో ఉత్తర్వు: లెఫ్టినెంట్ ఫ్లిప్పర్

హెన్రీ ఫ్లిప్పర్ 1856లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టాడు. 1877లో వెస్ట్ పాయింట్ నుంచి పట్టభద్రుడైన మొదటి నల్లజాతీయుడు. ఆ నాలుగేళ్ళూ తోటి విద్యార్థులు పనికి తప్ప ఆయనతో మాట్లాడేవారు కారు. 10వ దళంలో సెకండ్ లెఫ్టినెంటుగా చేరాడు. సిల్ కోట దగ్గర మడుగుల్లో నీరు నిలిచి మలేరియా ప్రబలుతుంటే కాలువ తవ్వించి ఆ నీటిని తీసేశాడు. ఆ కాలువను నేటికీ "ఫ్లిప్పర్ కాలువ" అంటారు. విక్టోరియో మీద జరిగిన దండయాత్రలోనూ పని చేశాడు.

తరువాత టెక్సాస్‌లోని డేవిస్ కోటలో ఆయనకు సరుకుల విభాగం అప్పగించారు. సిపాయిలకు, అధికారులకు ఆహార దినుసులు ఇవ్వడం, వచ్చిన డబ్బు లెక్కగట్టి పై కార్యాలయానికి పంపడం ఆ పని. 1881లో అక్కడికి కొత్తగా వచ్చిన స్థావరాధిపతి కర్నల్ షాఫ్టర్. డబ్బును తన గదిలో ఉంచుకోమని షాఫ్టరే చెప్పాడని ఫ్లిప్పర్ కథనం. అలా ఆ సొమ్ము ఆయన బసలో, పెట్టెలో ఉండేది. పైగా డబ్బు పంపవలసిన పై అధికారి ఊళ్ళో లేనందువల్ల కొన్నాళ్ళు ఏదీ పంపవద్దని కబురు వచ్చింది. డబ్బు పేరుకుపోయింది.

ఆ జులైలో లెక్క చూసుకుంటే తక్కువ వచ్చింది. క్యాషు తక్కువ వచ్చిన సాయంత్రం ఎలా ఉంటుందో మన షరాబులను, క్యాషియర్లను అడగండి. అన్నం సహించదు, ఇంట్లో చెప్పుకోలేడు. ఫ్లిప్పర్ కూడా చెప్పుకోలేదు. అదే ఆయన చేసిన తప్పు. తన పుస్తకం మీద రావలసిన డబ్బు వస్తుంది గదా, పూడ్చవచ్చు అనుకుని, డబ్బు పంపించేశానని స్టేట్‌మెంటు వ్రాశాడు. తనకు ఖాతా లేని బ్యాంకు మీద చెక్కు వ్రాసి చూపించాడు. ఆగస్టులో గుట్టు బయటపడింది. షాఫ్టర్ ఆయనను అరెస్టు చేయించి సుమారు ఆరున్నర అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉన్న కొట్లో పెట్టించాడు. అధికారిని అలాంటి కొట్లో పెట్టడం ఆ సైన్యంలో ఆనవాయితీ కాదు.

తక్కువ పడిన మొత్తాన్ని ఆ ఊరి వ్యాపారులు, స్నేహితులు కొద్ది రోజుల్లోనే చందాలు వేసి పూడ్చారు. ప్రభుత్వానికి నష్టం లేదు. అయినా కోర్టు మార్షల్ జరిగింది. గ్రియర్‌సన్ తన లెఫ్టినెంటు నిజాయితీపరుడని ఉత్తరం వ్రాసి పంపాడు. 1881 డిసెంబరులో తీర్పు వచ్చింది. సొమ్ము స్వాహా చేశాడన్న అభియోగం నిలబడలేదు. "అధికారికి తగని ప్రవర్తన" అన్న అభియోగం నిలబడింది. శిక్ష, ఉద్యోగం నుంచి తొలగింపు. ఇది మితిమీరిన శిక్ష అని సైన్యంలోని ప్రధాన న్యాయాధికారి కూడా అభిప్రాయపడ్డాడు. అధ్యక్షుడు ఆర్థర్ వినలేదు. 1882 జూన్ 30న ఫ్లిప్పర్ ఇంటికి వెళ్ళిపోయాడు.

మళ్ళీ కస్టర్ సంగతి గుర్తుచేయాలి. 1867లో ఆయన మీద కూడా కోర్టు మార్షల్ జరిగింది. అనుమతి లేకుండా తన స్థానం వదిలి భార్య దగ్గరకు వెళ్ళినందుకు, పారిపోయిన సిపాయిలను విచారణ లేకుండా కాల్చమన్నందుకు. ఆరోపణలు రుజువయ్యాయి. శిక్ష, ఒక ఏడాది హోదా, జీతం లేకుండా సస్పెన్షన్. అదీ పూర్తి కాకుండానే 1868లో వెనక్కు పిలిచారు. ఒకే సైన్యం, ఒకే రూలు పుస్తకం, రెండు రకాల చేతివ్రాత.

ఫ్లిప్పర్ కుంగిపోలేదు. సివిల్ ఇంజనీరుగా, సర్వేయరుగా పేరు తెచ్చుకున్నాడు. స్పానిష్ నేర్చుకుని మెక్సికో భూమి చట్టాలను ఇంగ్లీషులోకి అనువదించాడు. ప్రభుత్వమే ఆయనను భూ వివాదాల కోర్టులో ప్రత్యేక ఉద్యోగిగా పెట్టుకుంది. కాని సైన్యం రికార్డులోని ఆ ఒక్క పంక్తి కోసం దశాబ్దాల పాటు అర్జీల మీద అర్జీలు పెట్టాడు. పార్లమెంటులో బిల్లులు వచ్చాయి, వీగిపోయాయి. 1940లో 84వ ఏట మరణించాడు. అర్జీ తేలలేదు.

జార్జియాలోని ఒక బడి మాస్టారు ఈ ఫైలు కథ చదివి, ఫ్లిప్పర్ బంధువులను కలుపుకుని, సైనిక రికార్డులు సవరించే బోర్డుకు దరఖాస్తు చేశాడు. 1976లో ఆ బోర్డు ఉత్తర్వు ఇచ్చింది. తీర్పును కొట్టివేసే అధికారం తమకు లేదని, కాని శిక్ష మరీ కఠినం, అన్యాయం అని చెబుతూ, 1882 జూన్ 30 తేదీతోనే గౌరవప్రదమైన విడుదలగా రికార్డు మార్చింది. 94 ఏళ్ళు పట్టింది. మిగిలిన తీర్పు సంగతి 1999 ఫిబ్రవరి 19న తేలింది. ఆ రోజు అధ్యక్షుడు క్లింటన్ ఫ్లిప్పర్‌కు క్షమాభిక్ష పత్రం మీద సంతకం చేశాడు. ఉద్యోగం పోయిన 117 ఏళ్ళకు, మనిషి పోయిన 59 ఏళ్ళకు.

మూడో ఉత్తర్వు: కర్నల్ యంగ్

మూడో మనిషి చార్లెస్ యంగ్. 1864లో కెంటకీలో బానిస దంపతులకు పుట్టాడు. తండ్రి తప్పించుకుపోయి ఉత్తరాది సైన్యంలో చేరాడు. యంగ్ 1889లో వెస్ట్ పాయింట్ పూర్తి చేసిన మూడో నల్లజాతీయుడు. 9, 10 దళాలలో పని చేశాడు. 1903లో కాలిఫోర్నియాలోని సెక్వోయా జాతీయ వనానికి తాత్కాలిక సూపరింటెండెంటుగా ఉండి, ఆ మహావృక్షాల దాకా బండ్లు వెళ్ళే దారి వేయించాడు. 1916లో మెక్సికో మీదికి వెళ్ళిన దండులో 10వ దళానికి చెందిన ఒక స్క్వాడ్రన్‌ను నడిపి, చిక్కుల్లో పడ్డ తెల్ల దళానికి సాయం వెళ్ళాడు. ఆ దండుకు అధిపతి జనరల్ పెర్షింగ్. ఒకప్పుడు ఆయన కూడా ఈ 10వ దళంలోనే లెఫ్టినెంటు. ఆయన యంగ్ పని మెచ్చుకుని, పై పదవికి సిఫారసు చేశాడు.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. సీనియారిటీ ప్రకారం యంగ్ కర్నల్ అవుతాడు, యుద్ధకాలం కాబట్టి జనరల్ కూడా కావచ్చు. 10వ దళంలోని ఒక తెల్ల లెఫ్టినెంటు, నల్లవాడి కింద పని చేయలేనని తన రాష్ట్ర సెనేటరుకు వ్రాసుకున్నాడు. సెనేటరు అధ్యక్షుడు విల్సన్‌కు చెప్పాడు, అధ్యక్షుడు యుద్ధ మంత్రికి వ్రాశాడు. అంతలో ప్రమోషన్ కోసం జరిగిన వైద్య పరీక్షలో యంగ్‌కు రక్తపోటు ఎక్కువ, మూత్రపిండాలు బాగాలేవు అని తేలింది. వెంటనే కర్నల్ హోదా ఇచ్చి, అనారోగ్య కారణంగా రిటైరు చేశారు.

అప్పుడు ఆయనకు 53 ఏళ్ళు. ఏడాది పాటు అర్జీలు పెట్టి చూశాడు. 1918 జూన్‌లో, 54వ ఏట, ఒహాయో రాష్ట్రంలోని విల్బర్‌ఫోర్స్‌లో తన ఇంటి నుంచి గుర్రమెక్కి రాజధాని వాషింగ్టన్‌కు బయలుదేరాడు. 497 మైళ్ళు. 16 రోజులు. గంటకు పదిహేను నిమిషాల చొప్పున గుర్రం దిగి నడిచాడు. యుద్ధ మంత్రి ఎదుట నిలబడి, "నా ఆరోగ్యం ఇదీ" అని తన ఒంటినే సర్టిఫికెట్‌గా చూపించాడు. ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ కోసం ట్రెజరీ మెట్లెక్కి "నేను బతికే ఉన్నాను" అని చూపించుకున్న మనకు ఆ ప్రయాణం అర్థమవుతుంది.

తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఉత్తర్వు తేదీ 1918 నవంబరు 6. యుద్ధం ఆగింది నవంబరు 11న. అయిదు రోజులు ముందు!

ఇందులో ఇంకొక సంగతి ఉంది. వైద్యులు వ్రాసిన జబ్బు అబద్ధం కాదు. 1922 జనవరి 8న నైజీరియాలోని లాగోస్‌లో ఉండగా మూత్రపిండాల వ్యాధితోనే యంగ్ మరణించాడు. ఇలా ఒక నిజమైన కాగితాన్ని అడ్డం పెట్టుకుని అన్యాయం చేయడం కూడా కచేరీల్లో జరుగుతుంది. ఆ కాగితంలో ఏముందన్నది ఒక ప్రశ్న, దాన్ని ఆ రోజే ఎందుకు బయటికి తీశారన్నది ఇంకొక ప్రశ్న. రెండోది అడిగేవాడు ఉంటేనే న్యాయం. 2022లో అమెరికా సైన్యం చార్లెస్ యంగ్‌కు గౌరవ బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది. బలవంతపు రిటైర్మెంటు తరువాత 105 ఏళ్ళకు.

10వ దళం గుర్రపు దళంగా 1944లో రద్దయింది. 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వుతో సైన్యంలో జాతి భేదం తీసివేశారు. 1982లో లెవెన్‌వర్త్‌లో పని చేస్తున్న బ్రిగేడియర్ జనరల్ కాలిన్ పావెల్, తనూ నల్లజాతీయుడే, ఆ దళం పుట్టినచోట దాని గుర్తుగా ఒక చిన్న దారి పేరు తప్ప ఏమీ లేదని గమనించాడు. 1992 జులై 25న అక్కడ గుర్రం మీద రౌతు విగ్రహం వెలిసింది. ఆవిష్కరించింది ఆ పావెలే. అప్పటికి ఆయన అమెరికా త్రివిధ దళాల అధిపతుల సంఘానికి అధ్యక్షుడు.

నా మాట

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాసే అర్హత నాకు లేదు.

నేను యు.డి.సి.గా ఉన్న రోజుల్లో ఒక ఆఫీసులో అటెండరు ఒకాయన ఉండేవాడు. ఆయన సర్వీసు రిజిస్టరులో 47 రోజులు అనధికార గైర్హాజరు అని ఎంట్రీ ఉంది. భార్యకు జబ్బు చేస్తే సెలవు చీటీ ఇచ్చే వెళ్ళానని ఆయన అనేవాడు. మూడుసార్లు నా టేబులు దగ్గరకు వచ్చాడు. "రికార్డులో ఉన్నది ఉన్నట్టే నాయనా, నేనేం చేయను" అని మూడుసార్లూ అన్నాను. తపాలు రిజిస్టరు తీసి చూడడానికి ఒక పూట పట్టేది. ఆ పూట నాకు దొరకలేదు. ఆయన రిటైరయ్యాడు, కొన్నాళ్ళకు పోయాడు.

తరువాత నా సెక్షన్‌లోకి వచ్చిన కుర్ర గుమాస్తా ఒకడు పాత ఫైళ్ళు సర్దుతూ, ఏదో సంబంధం లేని ఫైల్లో అంటుకుపోయిన సెలవు చీటీ తెచ్చి నా ముందు పెట్టాడు. తేదీ, ఇన్‌వర్డు నంబరు అన్నీ ఉన్నాయి. నా చెయ్యి వణికింది. ప్రపోజలు పెట్టించి, ఉత్తర్వు తెప్పించి, ఫ్యామిలీ పెన్షన్ సవరింపు కాపీ నేనే వాళ్ళ ఇంటికి తీసుకువెళ్ళాను. ఆమెకు ఎంత పెరిగిందో, అరియర్సు ఎంత వస్తాయో చెప్పాను. ఆమె డబ్బు గురించి ఏమీ అనలేదు. "ఆయన తప్పు లేదని అందులో వ్రాశారా బాబూ?" అని అడిగింది.

అందులో అలా లేదు. "సదరు 47 రోజుల కాలమును అర్హత గల సెలవుగా క్రమబద్ధీకరించడమైనది" అని మాత్రమే ఉంది.

"వ్రాశారమ్మా" అన్నాను.

కాన్సాస్ లైబ్రరీలో ఫ్లిప్పర్ కథ చదువుతూ, తీర్పు కొట్టివేసే అధికారం మాకు లేదన్న బోర్డు మాట దగ్గరకు వచ్చేసరికి ఆమె ముఖం గుర్తుకు వచ్చింది. పుస్తకం మూసి కొంతసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మనిషి కోరేది పై పెచ్చు డబ్బు కాదు, తన పేరు ఎదురుగా ఉన్న తప్పుడు పంక్తి పోవాలని. ఆ పంక్తి వ్రాసేదీ, తీసేదీ కర్నళ్ళు కారు, మంత్రులు కారు. ఎక్కడో ఒక మూల కూర్చున్న నాలాంటి గుమాస్తా.

మన సభ్యులలో ఇంకా తేలని ఫైళ్ళు ఉన్నవారు ఎందరో ఉన్నారు. "ఈ వయసులో ఇంకా ఎందుకులెండి" అని వారే వదిలేస్తుంటారు. వదలవద్దని నా మనవి. మనం లేకపోయినా మన పిల్లలు చదువుకునే రికార్డు అది. అలాగే మన పిల్లలు, మనుమలు ఎందరో ఇప్పుడు ఆఫీసుల్లో కుర్చీల మీద ఉన్నారు. ఎవరైనా ముసలాయన కాగితం పట్టుకుని మూడోసారి వస్తే, ఒక్క పూట వెచ్చించి పాత రిజిస్టరు తీసి చూడమని వారికి ఈ వ్యాసం చదివి వినిపించండి.

సెలవు.